వాలు గోడ మీద హంసవేణి

ఖమ్మం రోడ్ల మీద ఏ సైకిల్ పందెమైనా గెలిచే హంసవేణికి, భయం వేసినా వేయనట్టు నటించే అలవాటు ఉండేది.

ఆమెను రాష్ట్ర జట్టు శిక్షణకు పిలిచారు. నగరంలోని సైకిల్ పందేల మైదానంలో అడుగు పెట్టగానే ఆమె ఆగి చుట్టూ చూసింది. బాటంతా చెక్కతో చేసిన పెద్ద గిన్నెలా ఉంది. మలుపుల దగ్గర అది ఇంటి కప్పంత ఎత్తుకు గోడలా లేచింది. ఆ గోడ మీద జరీనా అనే సీనియర్ పక్కకు ఒరిగి బాణంలా దూసుకుపోతోంది. చక్రాల కింద చెక్కలు ఉరుముతున్నాయి.

కోచ్ యోహాను సార్ దగ్గరికొచ్చాడు.

"వేగాన్ని లెక్కగట్టి ఈ వాలు కట్టారమ్మా. జోరుగా వెళ్తే ఆ వేగమే నిన్ను చెక్కకు అదిమి పట్టుకుంటుంది. మలుపులో నెమ్మదించావా, జారిపోతావు. భయంగా ఉంటే చెప్పు, కింది అంచు నుంచి మొదలుపెడదాం."

"నాకు భయమేంటి సార్!" అంది హంసవేణి.

నేరుగా పైకెక్కింది. మలుపు ముంచుకొచ్చింది. నేల ఎక్కడో పక్కన, లోతుగా కనబడింది. భయంతో కాళ్లు బిగుసుకుపోయి వేగం తగ్గింది. అంతే, చక్రం జారింది. కింద నుంచి వస్తున్న జరీనాను కూడా లాక్కుంటూ పడిపోయింది.

హంసవేణికి మోచేతులు గీసుకుపోయాయి. జరీనాకు భుజం ఎముక విరిగింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన జాతీయ పోటీలు ఆమెకు చేజారాయి.

"అక్కా, సార్ అడిగినప్పుడే నాకు భయమేసింది. చెప్పడానికి సిగ్గుపడ్డాను," అని ఆస్పత్రిలో హంసవేణి ఏడ్చింది.

"ఆ మాట సార్‌తో అని ఉంటే నాకీ కట్టు ఉండేది కాదు," అంది జరీనా. "మొదట్లో నేనూ వణికినదాన్నే. వెళ్లి నేర్చుకో."

మర్నాడు హంసవేణి అందరి ముందే, "భయంగా ఉంది సార్, నేర్పండి," అంది. సార్ నవ్వలేదు. కింది అంచున మొదలుపెట్టించి, రోజూ కాస్త పైకి ఎక్కించాడు.

ఒక ఉదయం ఆమె మలుపు పైఅంచున, వేగం తగ్గించకుండా తొక్కింది. ఏదో పెద్ద చెయ్యి అదిమి పట్టుకున్నట్టు సైకిల్ గోడకు అతుక్కుపోయింది. ఆకాశం పక్కకు ఒరిగింది. గాలి హోరులో ఆమె కళ్లు చెమర్చాయి. మనుషులు ఇంతటి దాన్ని ఊహించి ఎలా కట్టారా అనుకుంది.

భయపడటం తప్పు కాదు. దాన్ని దాచిపెడితే మనతో పాటు పక్కవాళ్లూ పడతారు. ఒప్పుకుని అడిగితేనే ధైర్యం అలవడుతుంది.