మట్టి పెట్టని గూడు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వాగు మీదికి వంగి ఒక ముళ్ళ తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళు. గిజిగాడంటే తెలుసుగా? గడ్డిపోచలతో గూడు అల్లి, కొమ్మకి సొరకాయలా వేలాడదీసే పిట్ట. మనం పది వేళ్ళు పెట్టి కూడా అల్లలేనిదాన్ని అది ఒక్క ముక్కుతో అల్లేస్తుంది. మీలో కొందరికి ఇంకా జడ వేసుకోవడమే రాదు. సరే, ఇప్పుడా సంగతెందుకు.

ఆ చెట్టు మీద పోగన్న అని ఒక కుర్ర గిజిగాడు ఉండేవాడు. వాడి భార్య పేరు గరిక. కొత్త కాపురం. చెట్టు మొత్తానికి పోగన్న అంత బాగా అల్లేవాడు లేడు. వాడు వేసిన ముడి విప్పాలని ఒక కోతి పొద్దంతా కూర్చుని, చివరికి విసిగిపోయి తన తోకే కొరుక్కుందట.

గిజిగాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మగపిట్ట ముందు గూడులో గది అల్లుతుంది. ఆ గదిలో ఆడపిట్ట గుడ్డు పెడుతుంది. అప్పుడు మగపిట్ట మిగిలిన పని పూర్తి చెయ్యాలి. గూటికి కింద పొడుగాటి గొట్టం అల్లాలి. లోపల గోడలకి తడి బంకమట్టి పెట్టాలి. మట్టి ఎందుకంటారా? బరువు కోసం. బరువు లేని గూడు గాలికి ఊగి ఊగి తిరగబడుతుంది. పైగా ఆ తడి మట్టికి ఒక మిణుగురు పురుగుని అంటిస్తే పిల్లలకి దీపం కూడా అవుతుంది. అంతా అయ్యాక చెట్టు మీది పెద్దవాళ్ళు వచ్చి గూటిని ముక్కుతో పట్టుకుని గట్టిగా లాగుతారు. నిలిచిందా, "ఇక హాయిగా కాపురం చేసుకోండి" అంటారు.

పోగన్న గది అల్లాడు. గరిక గుడ్డు పెట్టింది. సరిగ్గా అప్పుడే వాగు దగ్గరికి వలస కొంగలు దిగాయి.

వాటిలో పెద్ద కొంగ చెట్టు మీది గూళ్ళని చూసి నోరు తెరిచింది. "ఈ గూడు ఎవరు అల్లారు?" అని అడిగింది.

"నేనే," అన్నాడు పోగన్న, కాస్త ఛాతీ విరిచి.

"అబ్బాయీ, సముద్రమనే పెద్ద నీళ్ళకి అవతల కొండల్లో మా అడవి ఉంది. అక్కడ పిట్టలకి అల్లిక రాదు. నాలుగు పుల్లలు పడేసి వాటి మీద గుడ్లు పెడతాయి. వానొస్తే గుడ్లు దొర్లిపోతాయి. అల్లిక తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే తీసుకురమ్మని మా పెద్దలు చెప్పారు. ఎత్తయిన కొమ్మ ఇస్తారు. గింజలకి కరువుండదు. వస్తావా?"

పోగన్న గరిక వైపు చూశాడు. గరిక పోగన్న వైపు చూసింది. ఈ వాగు ఏటేటా సన్నబడుతోంది. గింజల కోసం ప్రతి ఏడూ ఇంకాస్త దూరం ఎగరాల్సి వస్తోంది. పుట్టబోయే పిల్ల కడుపు నిండా తినాలని వాళ్ళకీ ఉండదా?

"మా పిల్లని కూడా తీసుకెళ్ళొచ్చా?" అని అడిగింది గరిక.

"ఎందుకు తీసుకెళ్ళకూడదమ్మా? కానీ ఒక్క మాట. పెద్ద నీళ్ళ మీద దిగడానికి కొమ్మ ఉండదు. ఎవరి రెక్కల మీద వాళ్ళే రావాలి. మీ పిల్లకి రెక్కలు రానివ్వండి. ఈలోగా గాలి కూడా అటువైపు తిరుగుతుంది. గాలి తిరిగిన రోజే ప్రయాణం."

"వస్తాం," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

పిల్లలూ, వాళ్ళు వెళ్ళాలనుకోవడం తప్పని నేననను. రెక్కలిచ్చింది ఎగరడానికే. దూరపు కొండలు నునుపు అంటారు కదా, ఆ కొంగ చెప్పిన కొండలు నిజంగానే నునుపు. కొంగ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. తప్పు ఎక్కడ జరిగిందో వినండి.

కొంగ పోగన్నతో, "మావాళ్ళకి చూపించడానికి ఒక గూడు అల్లి ఇవ్వు," అంది. పోగన్నకి ఎక్కడలేని హుషారు వచ్చింది. లేత రెల్లు ఏరి తెచ్చాడు. పోచ పోచా చీల్చాడు. పొద్దున్నే మొదలుపెడితే చీకటి పడేదాకా అదే పని. గది అల్లాడు, గొట్టం అల్లాడు, లోపల నున్నగా మట్టి మెత్తాడు. అంత అందమైన గూడు ఆ వాగు ఎప్పుడూ చూడలేదు. దాన్ని కింది కొమ్మకి వేలాడదీశాడు, కొంగలు చూసి మెచ్చుకోవడానికి. అందులో ఎవరూ కాపురం లేరు.

సొంత గూడు మాత్రం గది దగ్గరే ఆగిపోయింది.

"ఏమయ్యా," అంది గరిక ఒకరోజు. "మన గూట్లో మట్టి పెట్టనేలేదు. చిన్న గాలికే ఊగుతోంది. గుడ్డుని కాళ్ళతో పట్టుకుని కూర్చోవాల్సి వస్తోంది."

"ఎలాగూ పోయేవాళ్ళమే కదా గరికా. వదిలేసి పోయే గూటికి ఇంత చాకిరీ ఎందుకు? అక్కడికి వెళ్ళాక నీకు రాజభవనం లాంటి గూడు అల్లుతాగా."

గరిక ఆలోచించింది. నిజమే అనిపించింది. గుడ్డు మీద సర్దుకుని కూర్చుంది.

కొన్నాళ్ళకి గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. ఆడపిల్ల. ఒంటి మీద నూగు తప్ప ఏమీ లేదు. పీచు అని పేరు పెట్టారు. పిల్ల పుట్టిందని చూడటానికి తుంగవ్వ వచ్చింది. తుంగవ్వ ఆ చెట్టు మీద అందరికంటే పెద్దది. పిల్లని ముద్దాడింది, గూడు చుట్టూ ఒకసారి తిరిగింది, ముక్కుతో పట్టుకుని లాగబోయింది.

"వద్దులే అవ్వా," అన్నాడు పోగన్న గబుక్కున. "మేం ఇవాళో రేపో పోయేవాళ్ళం. దీన్ని లాగి చూసేదేముంది?"

"పోయేవాడు కూడా పోయేదాకా ఎక్కడో ఒక చోట పడుకోవాలి కదరా. గొట్టం లేదు, మట్టి లేదు. నీకు తీరిక లేకపోతే చెప్పు. మేమందరం కలిసి తలో ముక్కు మట్టి తెచ్చి పెడతాం. ఒక్క పూట పని."

పోగన్నకి చిన్నతనం అనిపించింది. చెట్టు మొత్తానికి బాగా అల్లేవాడి గూట్లో చెట్టంతా వచ్చి మట్టి పెట్టడమా? "మీకెందుకవ్వా శ్రమ," అన్నాడు. తుంగవ్వ తన గూటికి వెళ్ళిపోయింది.

పోగన్న కొంగ దగ్గరికి వెళ్ళి, "గాలి తిరిగిందా?" అని అడిగేవాడు. "ఇంకా లేదు," అనేది కొంగ. మళ్ళీ వెళ్ళేవాడు. "ఇంకా లేదు అబ్బాయీ. నీ పిల్లకి రెక్కలు రానీ." ఎదురుచూపులో రోజులు ఎలా గడుస్తాయో తెలుసా? ఈ రోజు లెక్కలోకి రాదనిపిస్తుంది. అసలు బతుకంతా అవతల ఉందనిపిస్తుంది.

పీచుకి కళ్ళు తెరుచుకున్నాయి. ఈకలు వచ్చాయి. గూట్లోంచి తల బయటపెట్టి పక్కగూళ్ళని చూసేది.

"నాన్నా, చీకటి పడితే వాళ్ళ గూళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. మన గూట్లో ఎందుకు లేదు?"

"దీపం అంటించడానికి మట్టి కావాలి తల్లీ."

"అయితే మట్టి తీసుకురా."

"అక్కడికి వెళ్ళాక తెస్తా. ఒక్క మిణుగురు కాదు, గోడ నిండా మిణుగురులు పెడతా."

"పోనీ, పక్కగూటి పిల్లలతో ఆడుకోనా?"

"వద్దమ్మా. నేస్తం కడితే వదిలి వెళ్ళేటప్పుడు ఏడుస్తావు," అన్నాడు.

పీచు తల లోపలికి లాక్కుంది. పిల్లకి ఇక్కడ దీపమూ లేదు, నేస్తమూ లేదు. అక్కడికి ఇంకా వెళ్ళనే లేదు. మరి ఆ పిల్ల ఎక్కడున్నట్టు?

రెక్కలు గట్టిపడుతున్నాయి. "ఇంకో నాలుగు రోజుల్లో ఎగురుతుంది," అంది గరిక సంబరంగా. మొదటిసారి రెక్కలు విప్పి టపటపలాడిస్తూ పీచు కూడా తెగ మురిసిపోయింది.

ఆ సాయంత్రమే గాలి లేచింది.

మొదట ఆకులు కదిలాయి. తర్వాత కొమ్మలు కదిలాయి. తర్వాత చెట్టంతా ఊగిపోయింది. బంకమట్టి మెత్తిన గూళ్ళు బరువుగా అటూ ఇటూ ఊగి ఊరుకున్నాయి. పోగన్న గూడు మాత్రం గాలికి చిక్కిన ఎండుటాకులా గిరగిరా తిరిగింది. గరిక పిల్లని రెక్క కింద అదుముకుంది. ఒక పెద్ద విసురు వచ్చింది. గూడు తలకిందులైంది. పిల్ల జారితే ఆపడానికి కింద గొట్టం ఉండాలి. లేదు.

"అమ్మా!" అని ఒక్క కేక వినబడింది.

పీచు తుమ్మముళ్ళ మీద పడింది. అక్కడినుంచి ఒడ్డు మీద పడింది. పోగన్న, గరిక గాలికి ఎదురీదుకుంటూ కిందికి దిగేసరికి పిల్ల ఒక రెక్క ఈడ్చుకుంటూ గడ్డిలో ముడుచుకుని ఉంది. ప్రాణం ఉంది. కానీ ఎడమ రెక్క మధ్యలో వంగిపోయింది.

చెట్టు మీది గిజిగాళ్ళన్నీ దిగివచ్చాయి. "నేను చెప్పలేదా" అని ఒక్కటి కూడా అనలేదు. తుంగవ్వ పీచుని తన గూట్లోకి చేర్పించింది. తన మనవల పక్కన పడుకోబెట్టింది. ఆ గూట్లో గోడకి మిణుగురు వెలుగుతోంది. నొప్పితో మూలుగుతూనే పీచు దాన్ని చూసింది. "అమ్మా, దీపం," అంది. గరిక ముఖం పక్కకి తిప్పుకుంది.

తెల్లవారింది. గాలి నెమ్మదించింది. పెద్ద కొంగ రివ్వున వచ్చి కొమ్మ మీద వాలింది. దాని మొహం వెలిగిపోతోంది.

"పోగన్నా! రాత్రి గాలి తిరిగింది! బయల్దేరండి!"

పోగన్నకి మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన గాలి అదే. తన పిల్లని కింద పడేసిన గాలి అదే.

కొంగని తుంగవ్వ గూటి దగ్గరికి తీసుకెళ్ళాడు. కొంగ పొడుగాటి మెడ వంచి లోపలికి చూసింది.

"ఈ రెక్కతో పెద్ద నీళ్ళు దాటలేదు నాయనా," అంది.

"నయమయ్యాక?"

"కొమ్మ నుంచి కొమ్మకి ఎగురుతుందేమో. అంతకంటే..." కొంగ పోగన్న వైపు తిరిగింది. "పోనీ, నువ్వొక్కడివీ వస్తావా?"

పోగన్న తల అడ్డంగా ఊపాడు. కింది కొమ్మకి వేలాడుతున్న ఆ అందమైన గూటిని విప్పి తనే కొంగ ముక్కుకి అందించాడు. "ఇది తీసుకెళ్ళండి. అక్కడి పిట్టలు చూసి నేర్చుకుంటాయి," అన్నాడు.

కొంగలు లేచాయి. పోగన్న అల్లిన గూడు ఆకాశంలో చిన్నదై, చుక్కై, కనుమరుగైంది. అది పెద్ద నీళ్ళు దాటింది. పోగన్న దాటలేదు.

"గరికా, ఒక్క పూట పని అది," అన్నాడు పోగన్న. "తుంగవ్వ చెప్పింది కూడా. ఒక్క పూట."

"చాకిరీ ఎందుకని నువ్వన్నప్పుడు నేనూ నిజమే అనుకున్నానయ్యా," అంది గరిక. "నాకూ ఆ కొండలే కనబడ్డాయి. కాళ్ళ కింద గుడ్డు కనబడలేదు."

ఇద్దరూ కలిసి ఏడ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా పోగన్న ఆ రోజే కొత్త గూడు మొదలుపెట్టాడు. ఈసారి గొట్టం అల్లాడు. ముక్కు పగిలేదాకా వాగులోంచి బంకమట్టి మోశాడు. తుంగవ్వ వచ్చి గూటిని పట్టుకుని లాగింది. మళ్ళీ లాగింది. "గట్టిగా ఉంది నాయనా," అంది. పోగన్న తడి మట్టికి ఒక మిణుగురుని అంటించి పిల్లని పిలిచాడు.

పీచు పెరిగింది. వంకర రెక్కతో కొమ్మ నుంచి కొమ్మకి గెంతుతుంది, నేస్తాలతో ఆడుతుంది, నవ్వుతుంది. ఏటా కొంగలు తలమీదుగా వెళ్ళేటప్పుడు మాత్రం ఆట ఆపి పైకి చూస్తుంది. "నాన్నా, అవి ఎక్కడికి పోతున్నాయి?" అని అడుగుతుంది. పోగన్న చెబుతాడు. దాచడు. అవతలి కొండల గురించి, గింజల గురించి, తను ఇవ్వలేకపోయినదంతా చెబుతాడు.

ఒక ఏడు ఆ కొంగలు మళ్ళీ వాగు దగ్గర దిగాయి. ఈసారి ఇంకో కుర్ర జంట ప్రయాణానికి ఒప్పుకుంది. వాళ్ళూ కొత్త కాపురమే. వాళ్ళ గూట్లోనూ ఒక గుడ్డు ఉంది.

పోగన్న వాళ్ళ గూటికి వెళ్ళి చూశాడు. గొట్టం లేదు. గోడకి మట్టి లేదు.

ఆ కుర్రవాడు నవ్వాడు. "ఎలాగూ పోయేవాళ్ళమే కదా పోగన్న మావా. మట్టెందుకు?"

పోగన్న వాగులోకి దిగాడు. మళ్ళీ వచ్చి వాళ్ళ గూట్లోకి దూరాడు. కుర్రవాడు మళ్ళీ అడిగాడు, "చెప్పు మావా, ఎందుకు?"

పోగన్న ముక్కు నిండా మట్టి ఉంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఆ మట్టిని గోడకి అదిమి, ఇంకో ముక్కు తేవడానికి మళ్ళీ వాగులోకి దిగాడు. చెట్టు మీద వంకర రెక్కతో గెంతుతున్న పీచుని ఆ కుర్రవాడు అప్పుడు చూశాడు. తనూ వాగులోకి దిగాడు.

నీతి: రేపు వెళ్ళిపోయే గూడైనా, ఈ రాత్రి మన పిల్లలు పడుకునేది అందులోనే. ఉన్నన్నాళ్ళూ దాన్ని పూర్తిగా కట్టుకోవాలి.