చీనీకాయ కాఫీ

"ఇంక నేను ఆ రసూల్‌గాని గడప తొక్కితే నా పేరు కుల్లాయప్పే కాదు! నువ్వే చెప్పవ్వా, నలుగురి ముందర మనిషిని అట్లా అనొచ్చునా?"

బీబమ్మ అవ్వ మధ్యాహ్నం నమాజు ముగించుకొని అప్పుడే వసారాలోకి వచ్చి కూర్చుంది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. తాగీ తాగని గ్లాసులు బల్ల కింద ఉన్నాయి. కుల్లాయప్ప ఒక్కడే పోకుండా స్తంభం దగ్గర నిలబడి ఊగిపోతున్నాడు.

అనంతపురం సీమలో ఆ ఊరికంతటికీ అవ్వే గురువు. సాయిబులకూ ఆమే, బోయలకూ రెడ్లకూ ఆమే. గురువారం వచ్చిందంటే ఆమె ఇంట్లో జనం చేరతారు. ఆమె మాత్రం పెద్దగా ఏమీ చెప్పదు. ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని ఎదురుచూసి, విసుగొచ్చి మానేసినవాళ్లూ ఉన్నారు. కుల్లాయప్ప, రసూల్ మానలేదు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు. ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. మతాలు వేరైతే వరసలు కలపకూడదని ఎక్కడుంది?

కుల్లాయప్ప బెంగళూరులో ఒక కాఫీ హోటల్లో చాన్నాళ్లు పనిచేసి వచ్చాడు. అక్కడ నేర్చిన విద్య ఒకటి పోయిన గురువారం అవ్వ వంటింట్లో చూపించాడు. చీనీకాయలు కోసి, అదే, మిగతా జిల్లాలవాళ్లు బత్తాయిలంటారే, వాటిని కోసి ఒక్కొక్క గ్లాసులోకి రసం పిండాడు. కాస్త చక్కెర, చిటికెడు ఉప్పు వేసి కలిపాడు. గోనెపట్టాలో పెట్టి పగలగొట్టిన ఐసుముక్కలు వేశాడు. వాటి మీద చల్లారిన చిక్కటి డికాషన్‌ను చెంచా వీపు మీదుగా మెల్లగా జారవిడిచాడు. కింద పసుపు, పైన నలుపు.

"పాలేవప్పా?" అని ఒక ముసలాయన అడిగాడు.

"పాలు పోస్తే విరిగిపోతాది పెద్దాయనా. మాట్లాడకుండా తాగు."

ఆయన తాగాడు. తాగి, ఇంకో గ్లాసు అడిగాడు. కాయలు రసూల్ తోటవి, చెయ్యి కుల్లాయప్పది. ఆ సాయంత్రం ఇద్దరూ మీసాలు దువ్వుకుంటూ ఇళ్లకు పోయారు.

రసూల్ కూతురు షంషాద్ అప్పుడే కుల్లాయప్ప చెయ్యి పట్టుకుంది. "మామా, నా నిఖాకొచ్చే మగపెళ్లోళ్లకు ఇదే ఇయ్యల్ల. కాదంటే నేను పెళ్లిపీట మీదనే అలుగుతా."

కుల్లాయప్ప ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. ఆ పిల్ల పీర్లపండగ చూసింది అతని భుజాల మీద కూర్చొనే. నిఖా ఈ ఆదివారం.

ఇక ఇవాళ్టి సంగతి. కొత్తరకం కాఫీ అని ఊరంతా తెలిసిపోయింది. జనం ఎక్కువగా వస్తారు, ఒక్కొక్కరికీ పిండుతూ కూర్చుంటే ఎప్పటికయ్యేను? కుల్లాయప్ప తెల్లవారుతూనే వచ్చి రసమంతా ఒక్కసారే పిండి, పెద్ద గిన్నె నింపి మూత పెట్టాడు. రుచి చూడలేదు. ఫాతెహా ప్రార్థన చదవకముందు ఎంగిలి చేయకూడదు కదా. ఎండ బాగా ఎక్కాక ఫాతెహా అయింది. గ్లాసులు నింపి అందరికీ అందించాడు. అందరూ ఒక్క గుటక వేసి, ఒకరి మొహం ఒకరు చూసుకొని, గ్లాసులు మెల్లగా బల్ల కిందికి నెట్టారు.

"చేదుంది బావా" అన్నాడు రసూల్.

అన్నది అంతే. ఈ రెండు మాటలే. గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

కుల్లాయప్ప ఒంటికాలి మీద లేచాడు. "నా డికాషన్ చేదా? నీ కాయలే దిక్కుమాలినవి!"

రసూల్‌కు కాయలనంటే బిడ్డలనన్నట్టే. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట" అని తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. కుల్లాయప్ప మిగిలిన రసం గిన్నెతో సహా ఎత్తుకెళ్లి కాలవలో కుమ్మరించాడు. ఒక చుక్క నాలిక మీద వేసుకొని చూద్దామని కూడా తోచలేదు మహానుభావుడికి.

"ఆదివారం ఎట్లా మరి?" అని అవ్వ అడిగింది.

"నేను పోను. కాఫీ పెట్టను. మగపెళ్లోళ్ల ముందర వాని తల వంగితే అప్పుడు తెలుస్తాది."

కోపం తండ్రి మీద, శిక్ష పిల్లకు. ఇలాంటి న్యాయం చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. కాఫీ చేదైందని ఒక ఆడపిల్ల పెళ్లినాడు ఏడవాలా? అవ్వ స్థానంలో నేనుంటే అప్పుడే నాలుగు దులిపేవాణ్ణి. అందుకే నేను అవ్వ స్థానంలో లేను.

అవ్వ అంది, "నాకు అందలేదు నాయనా ఆ కాఫీ. ఒక గ్లాసు చెయ్యి."

కుల్లాయప్ప కళ్లు మెరిశాయి. తన పక్షాన ఒకరైనా ఉన్నారు. బుట్టలో ఇంకా కాయలున్నాయి. ఒకటి కోసి, రసూల్ మెడే చేతికి చిక్కినట్టు గింజలు నలిగేదాకా పిండాడు. డికాషన్ అందుకోబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు. దాని మీద సాసరు మూసి ఆ కిటికీలో పెట్టు. ముందు జరిగింది చెప్పు. నేను లోపలుంటిని, సరిగ్గా వినలేదు."

కుల్లాయప్పకు కావలసిందీ అదే. గ్లాసు కిటికీలో పెట్టి, వచ్చి బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చెప్పాడు. తను తెల్లవారకముందే లేవడం, కాయలు కడగడం, పిండడం, అంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరు కావడం. "నలుగురి ముందర చేదుందన్నాడవ్వా."

అవ్వ చేటలో శెనక్కాయలు పోసుకొని ఒలుస్తోంది. "ఊఁ. ఏమన్నాడూ?"

కుల్లాయప్ప మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు పెరిగింది. "కషాయం, కషాయం పోసినావు అన్నాడు! వాడట్లా అంటే అందరూ నవ్విరి."

ఎవరూ నవ్వలేదు. అవ్వ ఆ మాట అనలేదు. "ఊఁ. తరవాత?"

తరవాతకు కొదవేముంది? కుల్లాయప్ప వెనక్కి పోయాడు. తన నాయన పోయిన రోజు రసూల్ ఆలస్యంగా వచ్చిన సంగతి తవ్వాడు. అంతకంటే వెనక, పీర్లగుండం దగ్గర తోసిన తోపు తవ్వాడు. ఇంకా వెనక్కి, బడిలో పలక పగలగొట్టిన వైనం కూడా బయటికొచ్చింది. అన్నీ తవ్వి పోసి, మళ్లీ ఇవాళ్టికి వచ్చాడు. "అట్లాంటోడు గాబట్టే ఈ పొద్దు ఊరందరి ముందర, విషం కలిపినావా అన్నాడవ్వా, విషం!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్లు నిజమైనవే. అతనికి ఇప్పుడు రసూల్ నోట విషం అన్న మాట చెవులారా వినబడుతోంది.

బకెట్లో ఐసు కరిగి నీళ్లయింది. వసారా మెట్ల మీది ఎండ గోడ దాకా పాకింది. దూరంగా సాయంత్రం నమాజుకు అజా వినిపించింది. చేటలో పొట్టు గుట్టయింది.

"గొంతు ఎండిపోయుంటాది" అంది అవ్వ. "ఆ కిటికీలో రసముంది చూడు, తాగు."

కుల్లాయప్ప లేచి సాసరు తీసి, గటగటా ఎత్తి పోసుకున్నాడు. అంతే జోరుగా వాకిట్లోకి ఉమ్మాడు.

"థూ! చేదు! ఎవరేం కలిపినారవ్వా ఇందులో?"

"పిండింది నువ్వు. మూసింది నువ్వు."

"అయితే నేను చెప్పలేదా? ఆ రసూల్‌గాని కాయలే..."

అవ్వ బుట్టలోంచి ఇంకో కాయ తీసి అతని వైపు దొర్లించింది. కుల్లాయప్ప విసురుగా కోశాడు, పిండాడు, నిరూపిద్దామన్నట్టు నోట్లో పోసుకున్నాడు.

తియ్యగా ఉంది.

ఇంకో గుటక వేశాడు. అదీ తియ్యగానే ఉంది. ఒకే బుట్ట, ఒకే తోట, పిండింది ఒకే చెయ్యి. ఈ గ్లాసూ ఆ గ్లాసూ పక్కపక్కన పెట్టి చూశాడు. రంగులో తేడా లేదు. తెల్లవారుజామున తను పిండి మూతపెట్టిన గిన్నె గుర్తొచ్చింది. బెంగళూరు హోటల్లో ఎప్పుడూ ఎవరడిగితే వాళ్లకు అప్పుడే పిండేవాళ్లు. ఎందుకో తనెప్పుడూ అడగలేదు. అతని మొహంలో ఎరుపు మెల్లగా దిగింది.

చేదు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "ఎంతసేపు ఉంచినామవ్వా దీన్ని?"

"నువ్వు చెప్పినంతసేపే."

కుల్లాయప్ప లేచాడు. చేదు గ్లాసు తనే కడిగి బోర్లించాడు. మిగిలిన కాయలు సంచిలో వేసుకున్నాడు. డికాషన్ సీసా చంకలో పెట్టుకున్నాడు. అవ్వకు వంగి దండం పెట్టి, చెప్పుల కోసం కూడా చూసుకోకుండా నడిచాడు.

రసూల్ ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. గోడలకు కొత్త సున్నం వాసన వస్తోంది. గుమ్మంలో రసూల్ భార్య మాబున్ని అతన్ని చూసి కొంగు సర్దుకుంది. మధ్యాహ్నం జరిగిందంతా ఆమెకు తెలుసు.

"చెల్లీ, ఒక కత్తి ఇయ్యి" అన్నాడు కుల్లాయప్ప.

మాబున్ని మొహం పాలిపోయింది. లోపల్నుంచి రసూల్ ఉరికి వచ్చాడు. "కత్తెందుకు రా? ఇంకా తీరలేదా నీ కోపం?"

కుల్లాయప్ప సంచి ముడి విప్పాడు. గడప దాటి లోపలికొచ్చి, సంచిలో కాయలు నేల మీద దొర్లించి, వాటి మధ్య గొంతుక్కూర్చున్నాడు. షంషాద్ కత్తీ గ్లాసూ తెచ్చి అతని ముందు పెట్టింది. ఐసు ఎక్కడుందని కూడా అడగకుండా అతను కాయ కోశాడు. గింజలు నలగకుండా పిండాడు. డికాషన్ జారవిడిచి, గ్లాసు రసూల్ చేతికిచ్చాడు.

రసూల్ దాన్ని పట్టుకొని అతని మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఉంచద్దు బావా" అన్నాడు కుల్లాయప్ప. "ఇప్పుడే తాగు."