చివరి ఆకు

సాంబమూర్తి మాస్టారు ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాళ్ళకి ఏదో ఒక పని పురమాయించేవారు. తెనాలిలో ఒక మేడ మీది గదిలో, కంప్యూటర్ మీద పుస్తకాలకి పేజీలు కట్టడం నేర్పేవారాయన.

అప్పట్లో ఆయన శిష్యురాలు చారుమతి, అలివేలు మామ్మగారి పాటల పుస్తకం చేస్తోంది. బతుకంతా పాడిన పాటలు, లావుపాటి పుస్తకం. మామ్మగారి చూపు సాయంకాలపు వెలుగులా తగ్గిపోతోంది. "కళ్ళు ఆరిపోయేలోగా నా పాటని అచ్చులో ఒక్కసారి చూసుకుంటానే తల్లీ" అని ఆవిడ అడిగితే, చూపిస్తానని చేతిలో చెయ్యేసి చెప్పింది చారుమతి.

పుస్తకమంతా ఒకే ఫైలులో పోసింది. మొదట్లో ఒక్క చరణం చేర్చినా, చివరి పేజీ దాకా ప్రతి పంక్తీ కిందికి జరగాలి. అంతసేపూ తెర మీద గుండ్రం, తిరునాళ్ళ రంగులరాట్నంలా తిరుగుతూనే ఉండేది.

"ఇది ఇలా నత్తలా నడిస్తే మామ్మగారికి నేనేం చూపించను మాస్టారూ? కొత్త కంప్యూటర్ కొంటే తప్ప కదలదా?"

మాస్టారు కిటికీలోంచి కిందికి చూశారు. "కింద వాటావాళ్ళ మనవడి అన్నప్రాశన. వడ్డనకి మనుషులు చాలట్లేదుట. వెళ్ళి నెయ్యి వడ్డించమ్మా."

చారుమతికి ఏడుపొచ్చింది. అయినా వెళ్ళింది.

వరండా పొడుగునా ఒకటే భోజనాల బంతి. ఆకుల్లో పప్పు పడింది. అంతలో పిల్లవాడి మేనమామ ఊడిపడ్డాడు. రైలు ఆలస్యంట. "నేను బావ పక్కన కూచోకపోతే ఎలా?" అన్నాడు. బావగారు కూచున్నది బంతి మొదట్లో.

"జరగండి, జరగండి!"

అందరూ ఆకులెత్తుకుని జరిగారు. పప్పు ఒలికింది. "తినే ఆకు కదపకూడదయ్యా!" అని ఒకరు గొణిగారు. సర్దుకునేలోగా మేనమామ భార్య వచ్చింది. మళ్ళీ జరిగారు. బంతి చివర కూచున్న భారీ మనిషి వీరాస్వామిగారు వరండా దాటి మెట్టు మీదికి వచ్చిపడ్డారు, ఆకు ఒళ్ళో పెట్టుకుని.

"ఏమ్మా, నన్ను వీధిలో పడేసేదాకా వాళ్ళ చుట్టాలు దిగుతూనే ఉంటారా? ముద్ద ఎత్తనివ్వరా?"

కదిలే ఆకులో నెయ్యెలా వేస్తుంది? గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది చారుమతి. ఆ బంతి లేచాక కొంగు బిగించింది. "ఈసారి ఆకులు నేనేస్తాను" అంది. చిన్న చిన్న బంతులుగా విడగొట్టి, ఒక్కో బంతి చివర ఒక ఆకు ఖాళీగా ఉంచింది.

"ఇదేం విడ్డూరమే? ఆకులు దండగ కాదూ?" అంది ఇంటావిడ.

"వచ్చేవాళ్ళు వస్తారు, ఉండండి పిన్నిగారూ."

వచ్చారు. మొదటి బంతి మధ్యలో ఒకాయన చొరబడితే, ఖాళీ ఆకు దాకా నలుగురు జరిగారు. తక్కిన బంతులవాళ్ళు పులిహోర మీంచి తలైనా ఎత్తలేదు. చారుమతి చేతిలో గిన్నె కింద పెట్టి, నేతి చేత్తోనే మేడ మెట్లెక్కింది.

పుస్తకాన్ని భాగాలుగా విడదీసి, దేని ఫైలు దానికి చేసి, ఒక్కో భాగం చివర ఒక పేజీ ఖాళీగా వదిలింది. పట్టిన పట్టు విడవకుండా కూచుని, ముద్రణకి ముందు ప్రతి తీసి మామ్మగారి చేతిలో పెట్టింది. ఆవిడ కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని, వెలుతురుకి తిప్పుకుని, తన పాట తానే కూడబలుక్కుని చదివింది. ఉన్నట్టుండి ఆగింది.

"అయ్యో, మొట్టమొదట వినాయకుడి పాట పెట్టలేదే తల్లీ! అది లేకుండా ఎలా?"

"పాడండి మామ్మగారూ, రాసుకుంటాను" అంది చారుమతి.

తిరిగొచ్చి, ఆ పాటని మొదటి భాగంలో, మొదటి పేజీలో చేర్చింది. గుండ్రం ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయింది. వెనక మాస్టారు నిలబడి ఉన్నారు.

"చివరాయన లేవాల్సి వచ్చిందా?"

"లేదు మాస్టారూ. ఆయన మానాన ఆయన తింటున్నాడు."

"అయితే వడ్డించు" అన్నారు మాస్టారు.