సింగారి సీమంతం

నేను ఇంతకు ముందెప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. మా వీధి పిల్లలకి నోటితో చెప్పే కథ ఇది. రాసిపెట్టమని వాళ్ళే నోటుపుస్తకం తెచ్చిచ్చారు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

మన తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, అనగా అనగా, కొండ కింద ఒక ఊరు. ఆ ఊరికి ఒక రాజు. రాజుగారికి ఒక తెల్లావు. దాని పేరు సింగారి.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఎవరింట విందు జరిగినా తొలి విస్తరి సింగారిది. అందులో అన్నీ వడ్డించి, పైన పరమాన్నం వేసి, ఆవు ముందు పెట్టాలి. అది ఆకుతో సహా తినెయ్యాలి. అప్పటిదాకా మనుషులు ముద్ద ముట్టకూడదు. ఆకు మిగిలితే ఆ ఇంటికి కీడు.

ఆ విస్తళ్ళు కుట్టేది నూకాలు. కొండెక్కి అడ్డాకులు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో కుట్టేది. రాజుగారి పశువులకి గడ్డి వేసేది కూడా ఆవిడే. రోజూ గడ్డి వేసే చెయ్యి కాబట్టి, సింగారి మాట ఆవిడ ఒక్కదానికే అర్థమయ్యేది.

ఒకనాడు దూరదేశం నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. మూట విప్పి, తళతళలాడే విస్తళ్ళు పరిచాడు.

"చూడండి ప్రభూ! తడవదు, చిరగదు, వాడదు. వెయ్యేళ్ళయినా ఇలాగే ఉంటుంది."

రాజుగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. అందులో ఆయన మొహం కనిపించింది. అంతే, ముచ్చటపడిపోయారు. "ఇకనుంచి మన ఊళ్ళో ఇవే వాడాలి" అన్నారు.

మొదటి విందు రాకుమారుడి అన్నప్రాశన. తొలి విస్తరి మెరిసిపోతూ సింగారి ముందుకొచ్చింది. పరమాన్నం తిన్నాక ఆవు ఆగింది. జనం ఆకలితో చూస్తున్నారు. ఎవరో విస్తరిని మడిచి దాని నోట్లో పెట్టారు. ఎంతసేపు నమిలినా అది నలగలేదు. ఆఖరికి మింగింది.

ఆ సాయంత్రం సింగారి అంది: "నూకాలమ్మా, ఈ ఆకు పొట్టలో ఆకులా లేదే. రాయిలా కూర్చుంది."

నూకాలు వెళ్ళి రాజుగారితో చెప్పింది. పక్కనే ఉన్న వర్తకుడు నవ్వాడు. "విస్తళ్ళు కుట్టే ఆవిడ నా విస్తరి మంచిదంటుందా ప్రభూ?" అన్నాడు. సభంతా నవ్వింది. నూకాలు తల దించుకుని వచ్చేసింది.

రెండో విందు కొత్త గాదె కట్టినప్పుడు. మళ్ళీ తొలి విస్తరి మడిచి పెట్టారు. అప్పటికే ఊరంతా ఆ మెరుపు విస్తళ్ళే. తిని పారేసినవి పెంటకుప్ప మీద పేరుకుపోయాయి. వాటికంటిన మెతుకుల కోసం వెళ్ళిన సింగారి, మెతుకుతో పాటు విస్తరి కూడా తినేది. ఆకుతో సహా తినడమేగా దానికి చిన్నప్పటి నుంచీ నేర్పింది!

కొన్ని నెలలు తిరిగేసరికి అది నెమరు మానేసింది. పొట్ట మాత్రం రోజురోజుకీ ఉబ్బుతోంది.

"నూకాలమ్మా, ఆకలేస్తోంది. కానీ గడ్డిపోచకి కూడా చోటు లేదు" అంది.

నూకాలు మళ్ళీ పరిగెత్తింది. ఈసారి కోట గుమ్మంలోనే ఆడవాళ్ళు ఆపేశారు.

"వచ్చావా! అడ్డాకులు అడిగేవాళ్ళు లేక ఆవు మీద పెట్టి ఏడుస్తున్నావా?"

"నా ఆకుల సంగతి కాదమ్మా. దాని పొట్ట చూడండి ఒక్కసారి!"

"చూశాంలే. కళ్ళు లేనిది నీకే. సింగారి చూడి కట్టిందే పిచ్చిదానా!"

ఆ మాట రాజుగారి చెవిన పడింది. ఆయన సంబరం ఇంతా అంతా కాదు. పుట్టబోయే దూడ కోసం గంటలు చేయించారు. సింగారికి సీమంతం చేద్దామని దండోరా వేయించారు.

అదే మూడో విందు.

ఆవు కొమ్ములకి పసుపు రాశారు. మెడలో పూలదండ వేశారు. నాలుగు కాళ్ళ మీద నిలబడటానికే అది వణుకుతోంది. మూగినవాళ్ళు "నెలలు నిండాయి పాపం" అనుకున్నారు. రాజుగారు తన చేత్తోనే మెరుపు విస్తరి పట్టుకుని ముందుకొచ్చారు.

నూకాలు జనాన్ని తోసుకొచ్చి ఆయన కాళ్ళ మీద పడింది.

"పెట్టొద్దు బాబూ! అది చూడి కాదు. మీ విస్తళ్ళే దాని కడుపునిండా ఉన్నాయి. మీ కాళ్ళు పట్టుకుంటాను, పెట్టొద్దు!"

"శుభమా అని సీమంతం చేస్తుంటే ఇదేం నోరే!" అని నలుగురు ఆవిడ్ని పక్కకి లాగేశారు.

సింగారి నూకాలు వైపు చూసింది. "పెట్టే చేతిని కాదనడం నాకు నేర్పలేదమ్మా" అంది. అని, నోరు తెరిచింది.

ఆ విస్తరి గొంతు దిగలేదు. ఆవు మోకాళ్ళ మీద కూలింది. పూలదండతోనే ప్రాణం విడిచింది.

"దూడనైనా దక్కించండి!" అని రాజుగారు కేక పెట్టారు. పశువుల వైద్యుడు పొట్ట కోశాడు. లోపల దూడ లేదు. తడవని, చిరగని, వాడని విస్తళ్ళు ఉండలు ఉండలుగా బయటికొచ్చాయి. ఒకటి విప్పి కడిగితే మళ్ళీ తళతళలాడింది. అందులో రాజుగారి మొహం కనిపించింది.

వర్తకుణ్ణి పట్టుకొచ్చారు. వాడు కంగారుపడలేదు. "మనుషులు అన్నం తినడానికి అమ్మాను ప్రభూ. ఆవుకి పెట్టమన్నానా?" అన్నాడు.

రాజుగారు తన చేతి వంక చూసుకున్నారు. పెట్టిన చెయ్యి తనది. వర్తకుడు మూట సర్దుకుని ఇంకో ఊరు వెళ్ళిపోయాడు.

"నువ్వు చెబుతూనే ఉన్నావు నూకాలూ. ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నారు రాజుగారు.

"చచ్చిన ఆవుని లేపడం నాకు చేతకాదు బాబూ. రేపటినుంచి తొలి విస్తరి పశువుకి పెట్టే ముందు, పెట్టేవాళ్ళు ఒక ముక్క చింపి నమలాలి. మీకు మింగుడు పడితే దానికి పెట్టండి."

రాజుగారు అక్కడికక్కడే ఒక మెరుపు విస్తరి తీసుకుని కొరికారు. చిరగలేదు. చిగుళ్ళు నెత్తురు కారేదాకా నమిలారు. నలగలేదు. కిందకి ఉమ్మి, ఆవు పక్కన కూర్చుండిపోయారు.

ఆ ఊరు మళ్ళీ అడ్డాకులకి వచ్చింది. విందు ఇచ్చేవాళ్ళు వగరుగా ఉండే ఆ ఆకు ముక్క నమిలి, ఆ తర్వాతే పశువుకి పెడుతున్నారు. సింగారిని పూడ్చిన చోట, దాని ఎముకలు ఎప్పుడో మట్టిలో కలిశాయి. దాని పొట్టలోంచి తీసినవి మాత్రం ఇంకా కలవలేదు.

పిల్లలూ, మనం పారేసింది ఎక్కడికీ పోదు, నోరు లేనిదాని నోట్లోకి పోతుంది. మనం మింగలేనిది ఇంకో ప్రాణి ముందు పడెయ్యకూడదు.

నిన్న రాత్రి ఇంతవరకూ రాసి పడుకున్నాను. ఈ పొద్దున్నే బకెట్టు పట్టుకుని మా వీధి చివర చెత్తకుండీ దగ్గరికి వెళ్ళాను. అన్నాలు, కూర తొక్కలు కవర్లలో పెట్టి, గట్టిగా ముడులేసి పారేశారు. ఒక్కొక్క ముడీ విప్పి, తిండి పశువులకని బకెట్లో పోసి, ఖాళీ కవర్లు వేరే పెడుతున్నాను. పాలకి వెళ్తున్న ఎదురింటి వరహాలమ్మ ఆగింది.

"ఏంటి వదినా, ఏమైనా పోయిందా?"

నిజం చెప్పడానికి సిగ్గేసింది. చెవి దిద్దు శీల పడిపోయిందన్నాను.

"అయ్యో, బంగారమేనా?" అని పాలగిన్నె పక్కన పెట్టి, తనూ కూర్చుని ముడులు విప్పడం మొదలుపెట్టింది. నాలుగు విప్పాక అసలు సంగతి చెప్పేశాను. నా వైపు ఒకసారి చూసి, ఐదోది చేతిలోకి తీసుకుంది.