సలోమమ్మ వెతికిన సమాధి

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, ఒక ఏటి మలుపులో చిన్న పేట ఉండేదర్రా పిల్లలూ. పెద్దవాళ్ళు కూడా వినండి, అసలు ఇది మీకే ఎక్కువ పనికొస్తుంది.

ఆ పేటలో ముప్ఫై ఇళ్ళు, తాటాకులు కప్పిన ఒక చర్చి, దాని వెనక సమాధుల దొడ్డి. ఆ పేటలోనే సలోమమ్మ ఉండేది. వాళ్ళాయన ఫిలేమోను ఏట్లో వల వేసి చేపలు పట్టేవాడు. మంచివాడు, నవ్వులమారి. జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు, పాపం.

ఏటా సమాధుల పండగ వస్తే సలోమమ్మ తెల్లారకముందే లేచేది. సున్నం కలుపుకుని, బంతిపూలు కోసుకుని, వేపచెట్టు కింద ఫిలేమోను సమాధికి వెళ్ళేది. వెల్లవేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, అక్కడే కూర్చుని పాటలు పాడేది. "నేను పోయాక నన్ను ఈయన పక్కనే పెట్టండర్రా" అని అందరికీ చెప్పి ఉంచింది.

ఒక ఏడు ఏమైందంటే, పండగకి పది రోజుల ముందు ఏరు పొంగింది. మామూలుగా కాదు, చర్చి గడప దాటి లోపలికొచ్చింది. కర్ర సిలువలన్నీ పేర్లతో సహా కొట్టుకుపోయాయి. దొడ్లో మూడు వేపచెట్లుండేవా, రెండు పోయాయి. మిగిలిన ఒక్క చెట్టు కింద ఒక్క మట్టిదిబ్బ మిగిలింది. తక్కినదంతా చదునైపోయి, మిగిలింది మూడింట్లో ఏ చెట్టో కూడా పోల్చుకోలేకుండా అయింది.

సలోమమ్మ పరిగెత్తుకెళ్ళి ఆ దిబ్బ మీద పడింది. "ఇదిగో, మా ఆయన ఇక్కడే ఉన్నాడు!"

అప్పటికే అక్కడ దీనమ్మ కూర్చుని ఉంది. ఆవిడకీ భర్త పోయాడు, ఆయన్నీ వేపచెట్టు కిందే పెట్టారు.

"ఏంటే, ఏంటే! లే అక్కణ్ణించి! అది మా ఆయన సమాధి."

"వదినా, వేపచెట్టు కింద కదా మా ఆయన?"

"మా ఆయనా వేపచెట్టు కిందేనే. నీ ఒక్కదానికే చెట్టు మొలిచిందా ఏంటి?"

మాటా మాటా పెరిగింది. పేటంతా పోగైంది. ఆఖరికి దీనమ్మ నడుం మీద చెయ్యేసుకుని అంది, "మా ఆయనకి ఎడంకాలికి ఆరు వేళ్ళు. రేపు పొద్దున్నే తవ్వించి చూద్దాం. ఎవరిదో తేలిపోతుంది."

తవ్విస్తారట! సలోమమ్మ హడలిపోయింది. నిద్రపోతున్న మనిషిని లేపి కాళ్ళు చూస్తారా? పైగా ఇంకో భయం. ఆఖరి రోజున బూర మోగుతుంది, పోయినవాళ్ళందరూ లేస్తారు. అప్పుడు ఫిలేమోను లేచి పక్కకి చూస్తే, నేను లేకుండా దీనమ్మ ఉంటే? ఆయన ఏమనుకుంటాడు?

ముందు గుంటలు తవ్వే జకరయ్య దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, నువ్వే కదా తవ్వింది. ఏ చెట్టు కిందో చెప్పు."

జకరయ్య బుర్ర గోక్కున్నాడు. "అందర్నీ తూర్పుకి కాళ్ళు పెట్టే పడుకోబెట్టానమ్మా, అది గుర్తుంది. ఏ చెట్టంటే... మధ్యది అనుకుంటా. కాదు కాదు, అది మా అత్తది. ఉండు, మా అత్తని అసలు ఇక్కడే పెట్టామా?"

ఆవిడ ఒక అనుమానంతో వెళ్ళింది, రెండు అనుమానాలతో తిరిగొచ్చింది.

తర్వాత చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఈ ఒళ్ళు గుడారంలాంటిదమ్మా సలోమమ్మా. నాలుగు రోజులు వేసుకుంటాం, పీకేస్తాం. లోపల కాపురమున్న మనిషి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆఖరి రోజున కొత్త ఒళ్ళు ఆయనే ఇస్తాడు."

సలోమమ్మ అంతా శ్రద్ధగా వింది. తలూపింది. "అలాగేనండి అయ్యగారూ. మరి ఆ గుడారం ఏ చెట్టు కింద పీకారో కాస్త చెబుతారా?"

అయ్యగారు కాసిని మంచినీళ్ళిచ్చి పంపాడు.

మర్నాడు తెలతెలవారుతుండగా సలోమమ్మ వెళ్ళి ఆ దిబ్బ పక్కన చతికిలబడింది. "ఎక్కడున్నావయ్యా? ఒక్క మాట చెప్పు" అని ఏడుస్తోంది. అప్పుడు దిబ్బ పక్క బొరియలోంచి ఒక పందికొక్కు తల బయటపెట్టింది.

"ఎవరమ్మా, మా ఇంటి మీద కూర్చుని ఏడ్చేది?"

సలోమమ్మ ఉలిక్కిపడింది. అయినా అంత అవసరంలో ఉన్న మనిషి, వదులుతుందా? "కొక్కు నాయనా! నువ్వు కిందే ఉంటావు కదా. మా ఆయన కనిపించాడా?"

"ఈ చివర్నించి ఆ చివరిదాకా బొరియలు తవ్వినదాన్ని. గుర్తులు చెప్పు, చూస్తాను."

"వల వేసేటప్పుడు కూనిరాగం తీస్తాడు."

"కింద రాగాల్లేవు. ఇంకా?"

"హాస్యం చెప్పబోయి, చెప్పకముందే తనే నవ్వేస్తాడు."

"నవ్వులూ లేవు. ఇంకా?"

"నాకు ఒంట్లో బాగోకపోతే, తను కూడా అన్నం ముట్టడు."

పందికొక్కు మీసాలు దువ్వుకుంది. "కింద మన్ను ఉంది, నాలుగు ఎముకలు ఉన్నాయి. నువ్వు చెప్పినవాటిలో ఒక్కటీ మా దాకా దిగలేదమ్మా. అసలు అవి ఇక్కడ పాతిపెట్టారని నీకెవరు చెప్పారు?" అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

సలోమమ్మ బొరియలోకి తొంగిచూసింది. దొంగలెత్తుకుపోయారా అనుకుంది ముందు. తర్వాత అయ్యగారి మాట గుర్తొచ్చింది. అయితే ఆయన కింద లేడు! వల వేసిందీ నవ్విందీ ఈ ఒంటితోనే, కానీ నవ్వినవాడు మటుకు ఒళ్ళు వదిలి ప్రభువు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ వరద రాదు.

ఇంతలో జకరయ్య పార తీసుకుని వచ్చాడు. వెనకే దీనమ్మ, ఆవిడ వెనక పేటంతా.

సలోమమ్మ లేచి నిలబడింది. "తవ్వద్దు బాబాయ్. వదినా, ఇది నువ్వే ఉంచుకో."

"అంటే మీ ఆయనది కాదని ఒప్పుకున్నట్టేనా?"

"తెలీదు వదినా. నిజంగా తెలీదు. ఎవరిదైనా, ఆ ఇద్దరూ ప్రభువు దగ్గర ఉన్నారు. మట్టి కోసం వాళ్ళ కాలివేళ్ళు లెక్కబెట్టడం నాకిష్టం లేదు."

దీనమ్మ దిబ్బ పక్కన కూలబడి, "నాకు మాత్రం తెలుసా ఏంటే!" అని బావురుమంది. "నువ్వంత గట్టిగా అన్నావని నేనూ గట్టిగా అన్నాను!"

ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు. ఆ పండగకి ఆ ఒక్క దిబ్బకే ఇద్దరూ కలిసి వెల్లవేశారు. అది ఎవరిదో ఈరోజుకీ తేలలేదు.

చాలా ఏళ్ళకి సలోమమ్మ మంచాన పడింది. జకరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "అమ్మా, ఎలా అడగాలో తెలీడం లేదు. ఆయన పక్కనే పెట్టమన్నావు. ఏ చెట్టు పక్కన తవ్వమంటావు?"

సలోమమ్మ నవ్వింది. "ఆయన పక్కకి నేను వేరే దారిన వెళ్తున్నానులే బాబాయ్. నువ్వు మటుకు మన్ను ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ తవ్వుకో."

కాబట్టి పిల్లలూ, ఇదీ నీతి: ఒళ్ళు మట్టిలో కలిసిపోయేది, ఆత్మ దేవుడి దగ్గర ఎప్పటికీ ఉండేది. పోయేదాని కోసం కొట్టుకుని, ఉండేదాన్ని మర్చిపోకండి.