పక్కన పెట్టిన చీటీలు

ఉపదేశి తీతుకు వచ్చిన చిక్కంతా ఒక బిస్కెట్ల డబ్బాతో.

మా పేట చర్చిలో ప్రార్థన మనవులు ఆ డబ్బాలోనే వేస్తారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో వాటిని తీసి చదవడం, పాస్టరుగారికి సాయంగా ఉండే ఉపదేశి పని. చీటీ మీద పేరు రాయకూడదు. ఎవరిదో దేవునికి తెలుస్తుంది. రాయడం రానివాళ్ళకూ, కళ్ళజోడు పగిలినవాళ్ళకూ రాసిపెట్టేది నేనే కనుక నాకూ తెలుస్తుంది.

తీతు చదువుకున్నవాడు. పన్నెండు రోజులుగా తనే వండుకు తింటున్నవాడు కూడా. కప్పు కారి పొయ్యి ఆరిపోతోంది, కొత్త తాటాకు వెయ్యి, లేదంటే కనీసం ప్రార్థన అయినా చెయ్యి అని భార్య ప్రిస్కిల్ల అడిగింది. "ఇంత చిన్నదానికి దేవుణ్ణి విసిగిస్తామా?" అన్నాడు. ఆమె ఎవరినీ విసిగించలేదు. బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

ప్రిస్కిల్ల వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని తీతు అందరికీ చెప్పాడు. ఆవిడ మొన్న సంతలో కోడిపుంజును బేరమాడుతూ నాకు కనిపించింది. పుంజు కంటే ఆవిడే హుషారుగా ఉంది.

ఆ శుక్రవారం తీతు డబ్బా బోర్లించి చీటీలను రెండు కుప్పలు చేశాడు. ఆపరేషన్లు, పెళ్ళిళ్ళు, కోర్టు వాయిదాలు ఒక పక్క. తప్పిపోయిన బాతు, పులియని దోసెల పిండి, గురక పెట్టే మొగుడు ఇంకో పక్క.

ఫిలేమోను అయ్యగారు వచ్చి చూశారు. ఆయన ముప్పై ఏళ్ళుగా మా పాస్టరుగారు. ప్రసంగం పొట్టిగా ముగిస్తారు కనుక పేటలో ఆయనంటే అందరికీ గౌరవం.

"ఇవేంటి నాయనా?"

"చిన్నవండీ. పక్కన పెట్టాను. నాకు తెలియక అడుగుతాను అయ్యగారూ, దేవుడు ఎంత చిన్న మాట దాకా వింటాడు? ఎక్కడో ఒకచోట గీత ఉండాలి కదండీ?"

"ఏమో, చూద్దాం."

అయ్యగారు చిన్న చీటీల కుప్ప కెలికి, క్యాలెండరు కాగితం ముక్క ఒకటి తీసి ఇచ్చారు. "నాకు కళ్ళజోడు లేదు. నువ్వే చదువు."

తీతు చదివాడు. "తండ్రీ, మోకరిస్తే మళ్ళీ లేవలేకపోతున్నాను. లేచేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండేలా చూడు."

"ఎవరో ముసలమ్మండీ," అన్నాడు. "గోడ పట్టుకుని లేస్తే సరిపోయే దానికి చీటీ ఎందుకు?"

ఆ అక్షరాలు నావే. చెప్పి రాయించింది ఎవరో బయటపెట్టకూడదు కనుక చాప దులుపుతూ ఉండిపోయాను. అది నాకెంత కష్టమో పేటలో అందరికీ తెలుసు.

అయ్యగారు రెండు కుప్పలూ ఒకటిగా కలిపేశారు. వాటి ముందు మోకరించారు. ఆపరేషన్ కోసం, బాతు కోసం, దోసెల పిండి కోసం అదే గొంతుతో ప్రార్థించారు. ఆమేన్ అన్నారు. లేవబోయారు. లేవలేకపోయారు.

గోడ దూరంగా ఉంది. ఆయన గోడ వైపు చూడనైనా లేదు. ఊరికే చెయ్యి పక్కకు చాపారు.

తీతు గబగబా వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండో ప్రయత్నానికి ఆయన లేచి నిలబడ్డారు.

"బుధవారం వేశాను ఆ చీటీ," అన్నారు అయ్యగారు ఆయాసపడుతూ. "శుక్రవారానికల్లా వచ్చేశావు."

తీతు చేతిలోని క్యాలెండరు ముక్కను మళ్ళీ కుప్పలో పెట్టాడు. తర్వాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చించి, ఏదో రాసి, మడిచి డబ్బాలో వేశాడు. ఏం రాశాడో నేను చూడలేదు. రాయడం వచ్చినవాళ్ళతో ఇదే ఇబ్బంది.

మర్నాడు పొద్దున్నే తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని మా గుమ్మం ముందు నుంచి వెళ్తున్నాడు.

"ఏం తీతూ, మీ అత్తగారికి ఎలా ఉంది?" అని అడిగాను.

ఆగాడు.

"ఆవిడకేం పిన్నీ, బాగానే ఉంది. ఇల్లు కప్పేసి మధ్యాహ్నం బస్సుకు వాళ్ళ ఊరు వెళ్తున్నాను. నా కోసం ప్రార్థన చెయ్యి. పేరు పెట్టే చెయ్యి."