పెద్దదొరకు నల్లపాగా

భూమిలో మున్నూరు అడుగుల లోతున ఒక తెల్లరాయి గని ఉండేది. రాయి మోసే డీజిల్ బండ్ల పొగకు లోపల కూలీలు దగ్గి దగ్గి సొమ్మసిల్లేవారు. ఎంత మొత్తుకున్నా గని యజమాని పెద్దదొర నమ్మేవాడు కాడు. ఆయన దిగే రోజు మేస్త్రీలు ముందే బండ్లన్నీ ఆపించేసేవారు మరి!

ఏటా తనిఖీకి దిగిన దొరకు తెల్లపాగా చుట్టడం ఆ గని ఆనవాయితీ. ఈసారి ఆ వంతు బండి తోలే మద్దిలేటికి వచ్చింది.

దొర గుండెల నిండా పీల్చి, "ఇంత మంచి గాలి మా బంగళాలో కూడా లేదే!" అన్నాడు. మద్దిలేటి సంచిలోంచి పాగా తీశాడు. అది మసిగుడ్డలా ఉంది.

"నాకు నల్లపాగానా? నీ పని ఊడగొడతాను!"

"నిన్న పొద్దున తెల్లగానే ఉండె దొరా. బండ్లు తిరిగే దారిలో ఒక్క దినం తగిలించినా."

"అయితే దుమ్ము పట్టుంటుంది."

మద్దిలేటి అప్పుడే పగిలిన రాతి కిందినుంచి గుప్పెడు దుమ్ము తీసి దొర అరచేతిలో పోశాడు. అది బియ్యప్పిండిలా తెల్లగా ఉంది.

"మన గనిలో దుమ్ము ఇది దొరా. పాగాకు పట్టింది పొగ. అది ఒక్క దినమే పీల్చింది, నేను పన్నెండేండ్లు."

దొర తల వంచి, ఆ నల్లపాగానే చుట్టించుకున్నాడు.

నెల తిరిగేసరికి ప్రతి పొగగొట్టానికీ మసి వడకట్టే డబ్బా అమరింది. మరుసటేడూ ఆ వంతు అడిగి తీసుకున్న మద్దిలేటి పాగాను సంచిలోంచి తీయలేదు. బండ్లు తిరుగుతుండగానే, అదే దారిలో ముందురోజు తగిలించినదాన్ని, తెల్లగా తెచ్చాడు.